పాత ఈతకొలను స్థానే కొత్తది: డెల్టా పట్టణాలలో ప్రణాళికకు ముందు తేల్చుకోవలసిన అంశాలు

మంగళగిరి: స్థానిక సంస్థల నిర్వహణలోని ఈతకొలనులు పాతబడినప్పుడు వాటికి మరమ్మతులు చేయించడమా, తొలగించి కొత్తవి నిర్మించడమా అన్న ప్రశ్న వేసవికి ముందు తరచుగా తలెత్తుతుంది. కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్నకు సమాధానం గోడలపై కనిపించే పగుళ్ల కంటే కొలను అడుగున ఉండే భూగర్భ జలమట్టంపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. 2021లో తాడేపల్లితో కలిసి నగరపాలక సంస్థగా ఏర్పడిన మంగళగిరి ప్రాంతానికి, నదికి ఆవలి ఒడ్డున ఉన్న విజయవాడకు ఈ విషయం సమానంగా వర్తిస్తుంది. అధికారులు, పాత్రికేయుల పరిశీలనార్థం సంబంధిత వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఈతకొలనును కేవలం క్రీడా సౌకర్యంగా భావించడం సరికాదు. విజయవాడ నగరం మధ్యగా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ప్రవహిస్తున్నాయి. ఇవతలి ఒడ్డున సీతానగరం వద్ద గుంటూరు కాలువ బయలుదేరుతుంది. ఇంటికి దగ్గరలోనే లోతైన, వడిగల నీరు ఉన్న ప్రాంతంలో బాలబాలికలకు ఈత రాకపోవడం ప్రాణాపాయానికి దారితీస్తుంది. ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పడం ఆ సంస్థ సిఫారసు చేసిన నివారణ చర్యలలో ఒకటి. కొలను ఒక వేసవి మూతపడితే ఆ ఏడాది నేర్చుకోవలసిన పిల్లలు నేర్చుకోకుండానే మిగిలిపోతారు. కాబట్టి నిర్మాణ వ్యయంతో పాటు మూసివేత కాలాన్ని కూడా నష్టంగా లెక్కించవలసి ఉంటుంది.

మంగళగిరిలో సామూహిక స్నానానికి ఉద్దేశించిన ప్రాచీన జలాశయం శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆలయ కోనేరు. పెద్ద కోనేరుగా, కల్యాణ పుష్కరిణిగా ఇది ప్రసిద్ధి. ఈ ఆలయానికి తూర్పున ఉన్న 11 అంతస్తుల గాలిగోపురాన్ని రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించారు. 1832 నాటి కరవులో ఈ కోనేరు ఎండిపోగా అడుగున వేల సంఖ్యలో తుపాకులు బయటపడినట్లు పాత గెజిటీర్లు పేర్కొంటున్నాయి. మామూలుగా ఎండని చోటు కనుకనే వాటిని అక్కడ దాచి ఉంటారని ఊహించవచ్చు.

సాధారణంగా ఇటువంటి రాతి కోనేర్లలో మెట్ల రాళ్ల సందుల గుండా భూగర్భ జలం లోపలికి వస్తుంది, తిరిగి బయటకు పోతుంది. లోపలి మట్టం, బయటి మట్టం దాదాపు ఒక్కటిగా ఉండడం వల్ల కట్టడంపై నీటి ఒత్తిడి పెద్దగా పడదు. అందువలన కోనేరుకు పూడికతీత, జీర్ణోద్ధరణ ఉంటాయే తప్ప దానిని తొలగించి మరొకటి కట్టే ప్రసక్తి రాదు. కాంక్రీటు ఈతకొలను స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. అది నీటిని లోపలికి గాని బయటకు గాని పోనివ్వకూడని తొట్టి. నిండుగా ఉన్నంతకాలం దానికి భయం లేదు. అసలు ప్రమాదం దానిని ఖాళీ చేసినప్పుడే ఎదురవుతుంది.

దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. కొలను అడుగు పలక మందం 25 సెంటీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు దాని బరువు సుమారు 625 కిలోలు. బయటి జలమట్టం ఆ పలక అడుగు భాగం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే, అదే చదరపు మీటరుపై నీరు కింది నుంచి 1,000 కిలోల బలంతో పైకి నెడుతుంది. లోపల నీరు లేకపోతే పలక ఉబ్బి చిట్లుతుంది, లేదా తొట్టి మొత్తం పైకి లేస్తుంది. తనిఖీ కోసమని తొందరపడి నీరు తోడించి, బాగున్న కొలనును పాడుచేసుకునే అవకాశం ఈ విధంగా ఏర్పడుతుంది. దీనికి తోడు మంగళగిరి పరిసరాల నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. ఏటేటా జరిగే ఈ కదలికకు తొట్టి గోడలు, వాటి కీళ్లు లోనవుతుంటాయి.

అందుచేత నీటిని తోడే ముందు జలమట్టం కొలవాలి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావులలో మే, ఆగస్టు, నవంబరు, జనవరి మాసాలలో మట్టాలను నమోదు చేస్తుంది. మే, నవంబరు కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ స్థలంలో ఎంత తేడా వస్తున్నదో స్థూలంగా తెలుస్తుంది. కచ్చితమైన మట్టానికి కొలను పక్కనే ఒక పరీక్షా బోరు అవసరం. డెల్టా కాలువలు కట్టివేసే వేసవి మాసాలలో మట్టం కిందికి దిగుతుంది కనుక ఖాళీ చేయడానికి అదే అనువైన కాలం. జనం కొలను కోసం ఎదురుచూసేది కూడా ఆ మాసాలలోనే కావడం ఇందులోని చిక్కు. పనుల కాలపట్టికలో ఈ వైరుధ్యాన్ని ముందే గుర్తించని పక్షంలో తవ్వకం వర్షాకాలంలోకి జరిగి, నీరు తోడే ఖర్చు అంచనాలను మించిపోతుంది.

నీటి నష్టాన్ని కొలవడం రెండవ అంశం. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు గల కొలనులో రోజుకు 25 మిల్లీమీటర్ల మట్టం తగ్గుతున్నదనుకుందాం. అందులో ఆవిరి రూపంలో పోయేది 7 మిల్లీమీటర్లు అయితే మిగిలిన 18 మిల్లీమీటర్లూ కారుడే. అంటే రోజుకు సుమారు 5,600 లీటర్లు. తలకు 135 లీటర్ల పట్టణ సరఫరా ప్రమాణం ప్రకారం ఇది 41 మంది ఒక రోజు అవసరం. ఆవిరిని వేరు చేయడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. నీరు నింపిన బకెట్‌ను కొలను మెట్టుపై ఒక రోజు ఉంచి, రెండింటిలో తగ్గిన మట్టాలను పోల్చితే చాలు. మోటారు నడిచిన రోజున ఒకసారి, నిలిపిన రోజున మరొకసారి ఈ పరీక్ష చేస్తే లోపం గొట్టాలలో ఉన్నదా, తొట్టిలో ఉన్నదా అన్నది చాలావరకు తేలుతుంది. గొట్టాలు, వడపోత యంత్రాలు మార్చడంతో సరిపోయే చోట తొట్టిని పగులగొట్టడం ప్రజాధనం వృథా చేయడమే అవుతుంది. కాంక్రీటు నమూనాల పరీక్షలో లోపలి ఇనుము విస్తారంగా తుప్పుపట్టినట్లు తేలినప్పుడు మాత్రం పైపూతలతో కాలం గడపడం మంచిది కాదు.

కొత్త కట్టడానికి నీటి నిల్వ కాంక్రీటుకు సంబంధించిన ఐ.ఎస్. 3370, జలనిరోధక పనులకు ఐ.ఎస్. 6494, కొలను నీటి నాణ్యతకు ఐ.ఎస్. 3328 ప్రమాణాలు ఉన్నాయి. జలమట్టం ఎక్కువగా ఉన్న చోట అడుగున కంకర పొర, నీరు లాగే బావి, ఒత్తిడి తగ్గించే కవాటాలు ఏర్పాటు చేయాలి. బోరు నీటిపై ఆధారపడేటట్లయితే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వర్తిస్తుంది. అడుగున నీటిని లాగే జాలీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాటి పీల్పుకు పిల్లలు చిక్కుకుని మరణించిన ఘటనల దృష్ట్యా అమెరికా 2007 డిసెంబరులో ప్రత్యేక చట్టం చేసింది. ఒకే జాలీకి బదులు దూరదూరంగా రెండు, వాటిపై ఉబ్బెత్తు మూతలు ఉంచడం ఖర్చు తక్కువ, రక్షణ ఎక్కువ. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ననుసరించి వాలుదారి, స్త్రీలకు విడిగా దుస్తులు మార్చుకునే గదులు నమూనా దశలోనే చేర్చాలి.

కొలను పరిమాణం నిర్ణయించడంలో ఆడంబరం పనికిరాదు. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల పోటీ కొలనుకు 25 లక్షల లీటర్ల నీరు కావాలి. పైన చెప్పిన 25 మీటర్ల కొలనుకు సగటు లోతు 1.35 మీటర్లయితే సుమారు 4.2 లక్షల లీటర్లు చాలు. ఈ నీటినంతా నాలుగు గంటలకొకసారి వడపోయాలంటే గంటకు లక్ష లీటర్లకు పైగా తోడే యంత్రాలు, తదనుగుణమైన విద్యుత్తు, క్లోరిన్, శిక్షణ పొందిన రక్షకుల జీతాలు ఏటా భరించవలసి ఉంటుంది. ఈ ఖర్చులేవీ శిలాఫలకంపై కనిపించవు. సవివర ప్రాజెక్టు నివేదికలో కనీసం ఐదేళ్ల నిర్వహణ వ్యయాన్ని, అది ఏ పద్దు నుంచి వస్తుందో పేర్కొనడం ఉత్తమం.

స్థలం లభించే చోట పాత కొలనును నడుపుతూనే పక్కన కొత్తది నిర్మించి, ఆ తరువాత మార్చుకోవడం మేలు. పాత తొట్టిని పూడ్చేటప్పుడు అడుగు పలకకు పలుచోట్ల రంధ్రాలు చేసిన తరువాతనే మట్టి నింపాలి. లేనియెడల వాననీరు ఇంకే దారిలేక లోపలే నిలిచి, పైన వేసిన ఆటస్థలం గాని ఉద్యానవనం గాని బురదగుంటగా మారుతుంది.