మెరక మీద మెరక

కోనసీమ పెరటికి మట్టితో చేసిన అలంకారం ఏదంటే ముందుగా తులసి కోటనే చెప్పాలి. కొబ్బరి చెట్ల నీడన నడుమెత్తు దిమ్మె, నాలుగు మూలలా చిన్న కొమ్ములు, తూర్పు ముఖాన దీపం పెట్టే గూడు, పైన మొక్క. దీని గురించి రాసినవాళ్లు సాధారణంగా పురాణంతో మొదలుపెట్టి పూజా విధానంతో ముగిస్తారు. తులసిని ఎందుకు పూజించాలో ఆ కథలు చెబుతాయి. కోటను మట్టితోనే ఎందుకు కట్టారో, ఏటా ఎందుకు మళ్లీ మెత్తుకోవలసి వచ్చిందో చెప్పవు. ఆ జవాబు గోదావరి దగ్గరుంది. పల్లపు నేల మీద బతకడానికి ఇక్కడి మనిషి నేర్చిన మొదటి విద్య మట్టిని ఎత్తు చేయడం. తులసి కోట ఆ విద్యకు అతి చిన్న రూపమని నా వాదన.

గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ మధ్య, మరో పాయ వైనతేయ చీల్చుకుపోయిన ఈ నేలంతా నది మోసుకొచ్చిన ఒండ్రు. కొత్తపేట నుంచి రాజోలు దాకా వెతికినా పునాదికి పనికొచ్చే కొండరాయి దొరకదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్టకు ఇంజనీరు ఆర్థర్ కాటన్ రాయి తీసింది ధవళేశ్వరం కొండలో. ఆ కొండ డెల్టాకు తలాపున ఉంది. దాని దిగువన సముద్రం దాకా మట్టే. అందుకే ఇక్కడ ఏది కట్టాలన్నా ముందు మట్టివైపే చూశారు. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బయటపడిన బౌద్ధ స్తూపం సైతం ఇటుకలదే. ఇల్లు కట్టాలంటే పక్కన గొయ్యి తవ్వి, ఆ మట్టితో మెరక వేసేవారు. గొయ్యి చెరువయ్యేది, మెరక ఇంటి స్థలమయ్యేది. కొబ్బరి తోటలో బోదె తవ్వి చెట్ల మొదళ్లకు ఎగదోసే మట్టిదీ ఇదే లెక్క. బావిలో దింపే ఒరలూ, కప్పు మీది నాటు పెంకులూ కుమ్మరి ఆవంలో కాలినవే. ఇంత మట్టి పని తెలిసిన చోట పెరటి మొక్కకు పీఠం మట్టితో లేవడంలో వింత లేదు.

మొక్క స్వభావం కూడా ఇందుకు తోడైంది. తులసికి వేళ్ల దగ్గర నీరు నిలిస్తే పడదు. ముసురు పట్టిన రోజుల్లో పల్లపు పెరట్లో నేరుగా నాటిన తులసి కుళ్లిపోతుంది. రెండు మూడడుగుల ఎత్తున, అడుగున నీరు పోయే కన్నం ఉన్న గుల్ల దిమ్మెలో నాటితే బతుకుతుంది. ఒండ్రు ఒక్కదానితో కోట నిలవదు, ఆరేకొద్దీ బీటలు తీస్తుంది. అందుకని బంకమట్టిలో ఇసుక, ఊక, పేడ కలిపి, కాళ్లతో తొక్కి, నానబెడతారు. వరి పండే సీమలో ఊకకు కొదవేముంది! కోటంతా ఒక్క రోజులో లేపకూడదు. జానెడు లేపి, అది ఆరాక మరో జానెడు లేపాలి, లేకపోతే పై బరువుకు కింది వరుస జారుతుంది. గూడు లోతుగా ఉంటేనే సముద్రపు గాలికి దీపం ఆరదు. కుమ్మరి కాల్చి ఇచ్చే కోట వేరే పని. గుండ్రటిదైతే సారె మీద లేస్తుంది. నాలుగు పలకలది సారె మీద రాదు గనక మట్టిని పలకలుగా పరిచి, అంచులు అతికి, నీడన ఆరనివ్వాలి. తొందరపడి ఎండలో పెడితే మూలలు విచ్చుకుంటాయి.

తులసి కోట దేశమంతటా ఉంది గదా, వాన కోసం ఆకాశంకేసి చూసే రాయలసీమ ఊళ్లలోనూ ఉంది గదా, దాన్ని గోదావరికి ముడిపెట్టడం ఏమిటని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. మొక్కను ఎత్తున నిలపాలన్న ఆలోచన డెల్టాలో పుట్టిందని నేననడం లేదు. ప్రదక్షిణ చేసేవాళ్లకు కాలు తగలకుండా ఉండాలన్న భక్తి చాలు, కోట లేవడానికి. అయితే రాయి దొరికే చోట, కేరళ తులసిత్తరలా, ఒకసారి రాతితో కడితే తరాలు నిలుస్తుంది. కోనసీమ పచ్చిమట్టి కోటకు ఒక్క వర్షాకాలంలోనే అంచులు కరుగుతాయి. వానలు వెనకబట్టే కార్తీకంలో, శుద్ధ ద్వాదశి నాడు, తులసి పక్కన ఉసిరి కొమ్మ నిలిపి పూజ చేస్తారు. అదే క్షీరాబ్ది ద్వాదశి. తిథిని శాస్త్రం ఇచ్చింది. ఆ తిథికి ముందు కోటను మెత్తి, అలికి, సున్నం పూసి, పసుపు రాసే పనిని ఇక్కడి వాన ఇచ్చింది.

పాత మట్టి కోట ఒక్కటైనా మిగలనప్పుడు దానికి చరిత్రేమిటన్నది మరో ఆక్షేపణ. మిగిలిన వస్తువుకే చరిత్ర ఉంటుందనుకుంటే ఆడవాళ్ల చేతిపనిలో సగానికి పైగా లెక్కలోకి రాకుండా పోతుంది. ముగ్గూ అంతే, అలుకూ అంతే. వాటి వయసు మళ్లీ మళ్లీ చేసే చేతుల్లో ఉంటుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద వంటిదానికి లంకల్లో పచ్చిమట్టి దిమ్మె ఆగదు. కానీ వరద తీశాక వాకిట్లో మిగిలేది ఒండ్రే. కోట కరిగిన చోటికి మరో కోటకు సరిపడా మట్టిని నదే తెచ్చి పోస్తుంది. ఏ రాతి కట్టడానికీ లేని వెసులుబాటు ఇది.

ఆనకట్ట తర్వాత వరి పెరిగి, చేతిలో డబ్బు ఆడి, మండువా లోగిళ్లలో ఇటుకా సున్నంతో కట్టిన కోటలు వచ్చాయి. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ క్రమంగా నాటు పెంకును కప్పుల మీద నుంచి దించింది. సిమెంటు ఒరలు బావి పనినీ, స్టీలూ అల్యూమినియం వంటింటి పనినీ కుమ్మరి చేతి నుంచి లాగేసుకున్నాయి. గౌతమి అవతల కడియపులంక నర్సరీల్లో మట్టి కుండీ చోట పాలిథిన్ సంచి వచ్చింది. ఇక అచ్చు పోసిన సిమెంటు కోట వస్తే తప్పేమిటి, ఏటా మెత్తే చాకిరీ తప్పింది గదా అంటే, ఆ మాటను కొట్టిపారేయలేం. ఆ చాకిరీ ఎవరిదో తెలిసినవాళ్లెవరూ కొట్టిపారేయరు. నా దిగులంతా దానితోపాటు కుమ్మరికి దక్కే నాలుగు రూకలూ, మట్టి పాళ్లు తెలిసిన చేతులూ పోతున్నాయనే. ఆ సిమెంటు కోటనైనా పల్లపు పెరట్లో నేరుగా నిలబెడితే ముసురుకు నేల మెత్తబడి ఒక పక్కకు ఒరుగుతుంది. ముందు నాలుగు తట్టల మట్టి పోసి, తొక్కి, మెరక చేసి, దాని మీదే పెట్టాలి.