ఇరవై అయిదు చుట్లు



కిందటి నెలలో సిరిసిల్ల నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బళ్ళో 3,000 మీటర్ల పరుగులో మొదట వచ్చిందట. జిల్లా పోటీలకు పేరు రాసుకున్నారట. సంతోషించాల్సిన కబురే. కాని చెల్లెలి గొంతులో సంతోషం కంటే బెంగే ఎక్కువగా వినిపించింది. “అక్కా, వంద మీటర్లు, రెండొందల మీటర్లు అంటే సరే. గంత దూరం ఉరికితే ఆడపిల్ల పానానికి ఏమన్న అయితదేమో? రేపు పెండ్లయినంక పిల్లలు పుట్టుడు కష్టమైతదని మా అత్తమ్మ అంటున్నది. పంపాల్నా, వద్దా?” అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ మాట నేనూ ఒకప్పుడు విన్నదే. కోరుట్లలో చదువుకునే రోజుల్లో నేనూ బాగానే పరుగెత్తేదాన్ని. ఎనిమిదో తరగతికి రాగానే మా నాయనమ్మ “ఇంక ఉరుకుడు చాలు బిడ్డా” అంది. అంతే, మానేశాను. ఎందుకు చాలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెళ్ళయి జగిత్యాల వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు చెల్లెలి కోసం నాలుగు పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే మా నాయనమ్మ ఒక్కతే కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఆ మాటే అన్నారు! ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు పరుగుపందేలు మొదటిసారి పెట్టింది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో. అందులో అన్నిటికంటే పెద్ద పరుగు 800 మీటర్లు, అంటే ట్రాక్ మీద రెండు చుట్లు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకండ్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాను అమ్మాయి కినుయే హితోమి రెండో స్థానంలో వచ్చింది. ఫైనల్లో పరుగెత్తినవాళ్ళు తొమ్మిది మంది, తొమ్మిది మందీ పూర్తి చేశారు. గెలవాలని ప్రాణం పెట్టి పరుగెత్తినవాళ్ళు చివర అలసిపోరా? మగవాళ్ళయినా అంతేగదా! కాని పత్రికలు మాత్రం ఆడవాళ్ళు మైదానంలో కుప్పకూలిపోయారని, చూడటానికే ఘోరంగా ఉందని రాశాయి. ఇంత దూరం పరుగెత్తితే గర్భసంచికి హాని అన్న డాక్టర్లూ ఉన్నారు. ఆ గోలలో 800 మీటర్లను తీసేశారు. మళ్ళీ ఎప్పుడు పెట్టారనుకున్నారు? 1960లో, రోమ్‌లో! ముప్ఫై రెండేళ్ళు ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో 200 మీటర్లు మించిన పరుగు లేదు. అప్పుడు పుట్టిన ఆడపిల్లలు పెరిగి, పెళ్ళాడి, తల్లులైపోయారు.

ఆ తర్వాత కూడా బియ్యం గింజలు లెక్కపెట్టి పోసినట్టే ఇచ్చారు. 1972లో 1,500 మీటర్లు. 1984లో 3,000 మీటర్లు, ఆ ఏడే మారథాన్. ఇక 10,000 మీటర్లంటే ట్రాక్ మీద 25 చుట్లు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి దాకా పోయినంత దూరం అనుకోండి.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి ఉంది. 1986 జూలైలో గ్రీసు దేశంలోని ఏథెన్స్‌లో మొట్టమొదటి ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. జూనియర్లంటే ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు. ఆ పోటీల్లో ఆడపిల్లలకు 10,000 మీటర్ల పరుగు పెట్టారు. అప్పటికి పెద్దవాళ్ళ ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళకు ఆ పరుగు లేదు. అది 1987లో వచ్చింది. ఒలింపిక్స్‌లోకి 1988లో వచ్చింది. అంటే అమ్మలకూ అక్కలకూ ఇవ్వని ఇరవై అయిదు చుట్లు ముందుగా ఈ చిన్నపిల్లలు తిరిగి చూపించారన్నమాట!

ఆ వాకిలి తెరిచినందువల్ల ఏం జరిగిందో చూడండి. ఇథియోపియాలో బెకోజి అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి సుమారు 2,800 మీటర్ల ఎత్తున, పొలాలూ పశువులే ఆధారంగా బతికే ఊరు. అక్కడ పశువులు కాస్తూ పెరిగిన పిల్ల దెరార్తు తులు. 1990లో బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో జరిగిన జూనియర్ పోటీల్లో 10,000 మీటర్లలో బంగారు పతకం తెచ్చుకుంది. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిది. మన ఇళ్ళల్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టే వయసు!

మరో రెండేళ్ళకు, 1992లో, బార్సిలోనా ఒలింపిక్స్. అవే ఇరవై అయిదు చుట్లు. దక్షిణాఫ్రికాకు చెందిన తెల్లజాతి అమ్మాయి ఎలానా మేయర్ ముందు, దెరార్తు వెనక. వర్ణవివక్ష కారణంగా బహిష్కరణకు గురైన దక్షిణాఫ్రికా 1960 తర్వాత మళ్ళీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది అప్పుడే. ఆఖరి చుట్టులో దెరార్తు ముందుకు దూసుకుపోయి 31 నిమిషాల 6 సెకండ్లలో గెలిచింది. గెలిచి వెళ్ళిపోలేదు, ఎలానా కోసం ఆగింది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని మైదానం చుట్టూ తిరిగారు. నల్లజాతి ఆఫ్రికన్ స్త్రీలలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి మనిషి దెరార్తు.

మా చెల్లెలి అత్తగారు వినవలసింది ఇకముందు కథ. 1998లో దెరార్తు ఆడపిల్లకు తల్లి అయింది. తల్లి అయ్యాక, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో అదే 10,000 మీటర్లలో మళ్ళీ బంగారు పతకం గెలిచింది. అదీ ఇంతకుముందుకంటే తక్కువ టైములో, 30 నిమిషాల 17 సెకండ్లలో! ముప్ఫై ఏడేళ్ళ వయసులో, 2009లో, న్యూయార్క్ మారథాన్ కూడా గెలిచింది. గర్భసంచి గురించి 1928 నాటి భయానికి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

ఎక్కడో ఆఫ్రికా సంగతి మనకెందుకు అనుకోకండి. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర సావర్‌పాడా అనే గిరిజన గ్రామం నుంచి వచ్చిన కవితా రౌత్ 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఆ ఏడే చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇదే పరుగులో ప్రీజా శ్రీధరన్‌కు స్వర్ణం, కవితకు రజతం వచ్చాయి. 2023లో ఆసియా క్రీడల 5,000 మీటర్ల స్వర్ణం పారుల్ చౌదరిది. దూరాలు వేరయినా, మన వరంగల్ జిల్లా కల్లెడ పల్లె నుంచి వెళ్ళిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. వీళ్ళల్లో ఎవరినైనా ఎనిమిదో తరగతిలో “ఇంక చాలు బిడ్డా” అని ఆపి ఉంటే?

మా నాయనమ్మను నేను తప్పుపట్టను. పొద్దంతా బీడీలు చుట్టి, రాత్రి దీపం కింద కూడా చుట్టిన మనిషి. తొమ్మిది కాన్పులు కన్నది. ఇంటికీ బావికీ మధ్య ఆమె మోసిన నీళ్ళు, నడిచిన నడక లెక్కపెడితే ఎన్ని చుట్లవుతాయో! అంత చాకిరీ చేసినప్పుడు ఆడదాని ఒంటికి ఏమవుతుందోనని ఎవరూ అడగలేదు. ఆటకని పరుగెత్తుతానంటేనే అందరికీ ఆరోగ్యం గుర్తొస్తుంది. ఇది మాత్రం ఆలోచించవలసిన మాట.

చెల్లెలికి మళ్ళీ ఫోను చేసి చెప్పాను. “పంపు. కాని ఉత్తగ పంపకు. పొద్దున ఖాళీ కడుపుతో ఉరకనియ్యకు. ఒక గుడ్డు, ఇన్ని పల్లీలు, బెల్లం ముక్క పెట్టు. కాలికి సరిపోయే బూట్లు కొను. రక్తం తక్కువుంటే చూపించి మందు ఇప్పించు. నెలసరి సరిగా రాకపోతే దాచిపెట్టనియ్యకు, డాక్టరమ్మకు చూపించు. ఒంట్లో బాగాలేదన్న రోజు ఆగనియ్యి. మీ అత్తమ్మకు దెరార్తు కథ చెప్పు” అన్నాను.

పోటీలు వచ్చే నెలలో ఉన్నాయి. పిల్ల గెలుస్తుందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం జగిత్యాల నుంచి బస్సెక్కి వెళ్ళి, గట్టు మీద కూచుని, ఏడున్నర చుట్లూ లెక్కపెట్టాలనుకుంటున్నాను. మీ ఇంట్లోనూ పరుగెత్తుతానని గోల చేసే పిల్ల ఉంటే, వద్దనేముందు ఎందుకు వద్దో ఒక్కసారి మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.