లంబసింగి ఘాట్ రోడ్డు ఎవరు వేశారు?

నర్సీపట్నంలో చింతపల్లి బస్సు ఎక్కి కిటికీ పక్క సీటు కోసం పోటీ పడే మనం, ఈ రోడ్డు ఎవరు వేశారని ఎప్పుడైనా అడిగామా? మన్యం తిరుగుబాటు గురించి బడి పుస్తకంలో చదివాం. అందులో అల్లూరి సీతారామరాజు గారు, పోలీస్ స్టేషన్లు ఉంటాయి. రోడ్డు మాత్రం పెద్దగా కనబడదు. కానీ ఆ కోపం రాజుకున్న చోట్లలో ఈ రోడ్డు ఒకటి.

ముందు దారి చూద్దాం. నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కితే లంబసింగి. దాన్నే మనవాళ్లు కొర్రబయలు అంటారు. ఆ తర్వాత చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు. ఇంకా ముందుకు పోతే చింతూరు, భద్రాచలం.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టినా, కట్టె తెచ్చినా నేరమైంది. అలా తిండి పోయిన మనవాళ్లనే గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ ఈ ఘాట్ పనికి తోలాడు. కొండ తవ్వించి, రాళ్లు మోయించి, సరైన కూలి ఇవ్వలేదు. అడిగితే దెబ్బలు. బట్టిపనుకుల గాం గంటం దొర కూడా అతని చేతిలో నష్టపోయినవాడే.

1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు మనవాళ్ల చేతికొచ్చాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. 1924లో రాజు గారు, గంటం దొర ఇద్దరూ అమరులయ్యారు. గంటం దొర తమ్ముడు మల్లు దొర 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకు వెళ్లాడు.

ఇవాళ చలికాలం వస్తే ఇదే ఘాట్ నిండా టూరిస్టుల కార్లు. మంచి రోడ్డు రావడం మనకూ సంతోషమే, మనం చదువుకోడానికి దిగేదీ ఈ దారినే. కానీ ఈ రోడ్డు దిగి కొండ లోపలికి నడిస్తే, గర్భిణిని ఇంకా డోలీలోనే మోసుకొచ్చే ఊళ్లున్నాయి. రోడ్డు వేసినవాళ్ల మనవళ్లకు రోడ్డు లేదు.

బాస్టియన్ పేరు చరిత్రలో మిగిలింది. రాయి మోసినవాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు. సెలవులకి ఊరెళ్లినప్పుడు పెద్దల దగ్గర కూర్చుని అడుగుదాం: మనింట్లో ఎవరు వెళ్లారు, ఏ మలుపు దగ్గర పని చేశారు? చెప్పింది చెప్పినట్టు రాసి పెడదాం. ఆ పని మనం చెయ్యకపోతే ఇంకెవరూ చెయ్యరు.