లాంబ్ హోమ్: యుద్ధఖైదీలు కట్టిన గుడి

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల నడుమ స్కాపా ఫ్లో అనే సహజమైన రేవు ఉంది. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ బ్రిటిష్ నౌకాదళానికి అది ప్రధాన స్థావరం. 1939 అక్టోబరు 14 అర్ధరాత్రి దాటాక జర్మన్ జలాంతర్గామి యు-47 తూర్పున ఉన్న ఇరుకు సందులోంచి దూరి, లంగరు వేసి ఉన్న రాయల్ ఓక్ నౌకను ముంచేసింది. 800 మందికి పైగా చనిపోయారు. వారిలో నూరుమందికి పైగా పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాళ్లే!

ఆ సందు పక్కనే ఉన్నది లాంబ్ హోమ్. సుమారు వంద ఎకరాల దీవి. మా అబ్బాయి స్కాట్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేనూ, మా ఆవిడా వెళ్లి చూసొచ్చాం. జలాంతర్గామి దూరిన చోట ఇప్పుడు కట్ట ఉంది. దాని మీదుగానే కారులో వెళ్లాం.

తూర్పు సందులన్నీ మూసేయమని చర్చిల్ ఆదేశించడంతో 1940లో నాలుగు కట్టల పని మొదలైంది. కూలీలు చాలక, ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటలీ సైనికులను 1942లో తెచ్చారు. ఇది యుద్ధపు పని, జెనీవా ఒప్పందానికి విరుద్ధం అని వాళ్లు ఎదురుతిరిగారు. కాదు, దీవులను కలిపే రోడ్డు అని అధికారులు సర్దిచెప్పారు. విచిత్రమేమంటే, ఐరోపాలో యుద్ధం ముగిసిన నాలుగు రోజులకు, 1945 మే 12న ఆ కట్టలు లాంఛనంగా ప్రారంభమయ్యాయి. అప్పట్నుంచి అవి అక్షరాలా రోడ్లే.

ఖైదీలు గుడి కావాలని అడిగితే 1943లో క్యాంపు అధికారులు రెండు రేకుల నిస్సెన్ షెడ్లు ఇచ్చారు. మొయెనా ఊరి చిత్రకారుడు దొమెనికో కియొకెట్టి, తోటి ఖైదీలూ కలిసి వాటిని ప్రార్థనా మందిరంగా మార్చారు. కట్టల పనిలో వాడే సిమెంటుతోనే పూజావేదిక, రేషన్ మాంసం డబ్బాలతో దీపాలు! గోడల మీద చెక్కిన రాళ్లనుకున్నవి దగ్గరికెళ్లి చూస్తే రంగులే. 1944లో మిగతావాళ్లను పంపేసినా, పని పూర్తిచెయ్యడానికి కియొకెట్టి ఉండిపోయారు. 1960లో తిరిగొచ్చి, వెలిసిన బొమ్మలను బాగుచేసి, ఇక ఈ గుడిని మీరే కాపాడుకోండని దీవివాసులకు ఉత్తరం రాసి వెళ్లారు. క్యాంపు పోయింది గానీ గుడి నిలిచింది.

ఇందులో మనకూ సంబంధం ఉంది. 1940 డిసెంబరులో సిదీ బర్రానీ దగ్గర ఇటలీ సేనలను ఓడించిన దళాల్లో మన 4వ ఇండియన్ డివిజన్ ఉంది. ఆ యుద్ధంలో పట్టుబడినవారిలో వేలమందిని మన దేశానికే తెచ్చారు. హిమాచల్‌లోని యోల్‌లో పనిచేసినవారికి ఈ కథ తెలిసే ఉంటుంది.

ఆయుధం దించిన శత్రువు కూడా సైనికుడే. అతని గౌరవం కాపాడటం మన వృత్తిధర్మం. శిక్షణ తరగతుల్లో జెనీవా ఒప్పందం పాఠాలు మనమంతా విన్నవాళ్లమే. ఆ పాఠం కళ్లకు కనిపించే చోటు లాంబ్ హోమ్. అటు వెళ్లే అవకాశం వస్తే తప్పక చూసిరండి.