పగడానికి ఏ దీపం? – గోల్కొండ నుంచి గచ్చిబౌలి దాకా

పగడం అనగానే మన ఇళ్లలో అందరికీ మెదిలేది ఎర్రటి పూస. మంగళసూత్రంలో నల్లపూసల పక్కన ఉంటుంది, కుజదోషం ఉందంటే ఉంగరంలో చేరుతుంది. ఆ ఎర్ర పగడం మన తీరంలో పుట్టినది కాదు. మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. 17, 18 శతాబ్దాలలో ఇటలీలోని లివోర్నో నుంచీ, లండన్ నుంచీ వర్తకులు, వారిలో యూదులు ఎక్కువ, ఓడల్లో పగడాన్ని చెన్నపట్నం పంపేవారు. బదులుగా వజ్రాలు తెప్పించుకునేవారు. గోల్కొండ వజ్రాలని లోకమంతా పేరు పడినవి, కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనులలో దొరికినవి ఆ వజ్రాలే. గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవర్నియే తన యాత్రాగ్రంథంలో వజ్రాలతో పాటు పగడానికి కూడా చోటిచ్చాడు.

ఇవాళ గోల్కొండ బాలాహిస్సార్ ఎక్కి పడమటి వైపు చూస్తే కనిపించేది సైబరాబాద్. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టూ బండరాళ్లూ సీతాఫలం పొదలే ఎక్కువ. ఇప్పుడు అక్కడి ఫ్లాట్లలోకి పగడం మళ్లీ వచ్చింది. ఈసారి ప్రాణంతో వచ్చింది, గాజుతొట్టిలో, ఉప్పునీటిలో. మన సంఘ సభ్యులలో చాలామంది నాలాగే కొండాపూర్, నల్లగండ్ల, గచ్చిబౌలి వైపు పిల్లల దగ్గర ఉంటున్నారు. హాలులో తొట్టి మీద వెలిగే ఆ ఊదా నీలిరంగు దీపాన్ని చూసి, ఇంట్లో ఇదేమి సినిమా సెట్టింగు అని విసుక్కున్న మిత్రులు ఉన్నారు. ఆ దీపం వెనుక నూట యాభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకులు అడిగారు గనుక దానినే రాస్తున్నాను.

ముందొక భేదం చెప్పాలి. మన పూసల ఎర్ర పగడానికి వెలుగుతో పని లేదు. సముద్రంలో మసక గుహల్లో, లోతుల్లో అది పెరుగుతుంది. దాని ఎరుపు అస్థిపంజరంలోనే ఉంటుంది, అందుకే చచ్చి పూసయినా రంగు పోదు. తొట్టిలో పెంచే పగడాలు అలా కాదు. ఇవి ఎండ తగిలే దిబ్బల మీద పుట్టినవి. చూడటానికి మొక్కలాగా ఉన్నా పగడం జంతువే. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుగు తీసుకుని చక్కెరలు తయారుచేసి, అందులో చాలా భాగం పగడానికి ఇస్తుంది. ఇంటివాడు అద్దెను బియ్యం రూపంలో తీసుకున్నట్టన్నమాట. దీపం ఆర్పితే అద్దె ఆగిపోతుంది.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1842లో డార్విన్ పగడపు దిబ్బల మీద పుస్తకం రాస్తూ, దిబ్బ కట్టే పగడాలు ఇరవై, ముప్పై బారల లోతు దాటితే వర్ధిల్లవని గమనించాడు. కారణం మాత్రం అప్పటికి తేలలేదు. 1928–29లో సి.ఎం. యోంగ్ నాయకత్వాన బ్రిటిష్ బృందం ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాది పాటు మకాం వేసి, వెలుగు చొరకుండా మూసిన పెట్టెల్లో పగడాలను ఉంచి చూసింది. లోపలి నాచు పోయి అవి పాలిపోయాయి. 1959లో థామస్ గోరో అనే శాస్త్రజ్ఞుడు రేడియోధార్మిక కాల్షియంతో లెక్కకట్టి, వెలుగులో పగడం సున్నపు ఎముక కట్టుకునే వేగం చీకటిలో కంటే ఎక్కువని రుజువు చేశాడు. దీపం వాట్లు ఎంచేవారందరూ తెలిసో తెలియకో ఈ లెక్క మీదే ఆధారపడుతున్నారు.

తొట్ల చరిత్ర వేరుగా నడిచింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకంతో ఆ మాటకు ప్రచారం తెచ్చాడు. అయితే వేడి సముద్రాల పగడాన్ని ఇంట్లో బతికించడం అన్నది ఇంకో వందేళ్లకు గాని సాధ్యం కాలేదు. 1961లో జకార్తాలోని లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. సముద్రం నుంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్లు, గాలి బుడగలు, పైన ఎండ, అంతే. దీపం ఖర్చు లేదు.

మన బాల్కనీలో కూడా అట్లా పెట్టవచ్చు గదా అని చాలామంది అడుగుతారు. హైదరాబాదులో అది కుదరదు. పగడానికి ఇష్టమైన నీటి వేడి 24 నుంచి 27 డిగ్రీలు. మన మే నెల నలభై దాటుతుంది. పడమటి కిటికీ ఎండకు తొట్టి ఉడికిపోతుంది. దక్షిణపు కిటికీ అయితే ఇంకో చిక్కు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ వైపు నుంచి నేరుగా ఎండ రాదు. పైగా సముద్రంలో వెలుగు పైనుంచి పడుతుంది, కిటికీలో పక్క నుంచి. కాబట్టి ఈ ఊళ్లో దీపం తప్పదు.

ఇక దీపాలు. ఇక్కడ మన తరానికి పరిచయం లేని వస్తువేదీ లేదు. మొదట వచ్చినవి చోకూ స్టార్టరూ ఉన్న ట్యూబులైట్లు. వాటి వెలుగు లోతు తక్కువ తొట్లకు, మెత్తని పగడాలకు సరిపోయేది. తరువాత యూరపులో, ముఖ్యంగా జర్మనీలో, పాదరసపు ఆవిరి దీపాలు వాడి, అక్కడి నుంచి మెటల్ హాలైడ్ దీపాలకు మళ్లారు. స్టేడియంలలో వాడే జాతి అది. 1986లో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో ఈ యూరపు పద్ధతి అమెరికాలో వ్యాపించింది. ఆ దీపానికి తోడుగా నీలి ‘ఆక్టినిక్’ ట్యూబులు పెట్టేవారు. ఇవి అక్వేరియం కోసం పుట్టినవి కావు, నకళ్లు తీసే యంత్రాల కోసం, రసాయన పనుల కోసం తయారైనవి. పి.డబ్ల్యు.డి.లో చేసిన మిత్రులకు అమ్మోనియా ప్రింట్ల వాసన గుర్తుండే ఉంటుంది. ఆ కాగితాన్ని కదిలించే ఊదా నీలి కాంతీ, పగడంలోని నాచును కదిలించే కాంతీ దగ్గర దగ్గర ఒక్కటే.

నీలం ఎందుకు? సముద్రపు నీరు ఎరుపును ముందే మింగేస్తుంది. కొద్ది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమవుతుంది, లోతుకు మిగిలేది నీలమే. వేల ఏళ్లుగా ఆ నీలంలోనే బతికిన నాచు దానికే అలవాటు పడింది. అందుకని దీపాల డబ్బాల మీద కెల్విన్ లెక్క వచ్చింది. 6,500 కెల్విన్ అంటే మధ్యాహ్నపు ఎండ లాంటి తెలుపు, 10,000 అంటే నీలం కలిసిన తెలుపు, 20,000 అంటే గాఢమైన నీలం. 6,500 దీపం కింద పగడాలు త్వరగా పెరిగేవి, కాని గోధుమరంగులో కళ లేకుండా కనిపించేవి. 20,000 కింద రంగులు మెరిసేవి, పెరుగుదల మందగించేది. పెరుగుదల కావాలా, రంగు కావాలా అన్న తగాదా దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. చాలామంది 10,000, 14,000 మధ్య రాజీపడ్డారు. నాకు ఆ రాజీయే సబబుగా తోస్తుంది.

రంగు కథ మరీ విచిత్రం. న్యూ కాలెడోనియా దీవిలో నౌమియా అక్వేరియాన్ని 1956లో స్థాపించిన రెనె కటాలా, చీకటిలో అతినీలలోహిత దీపం వేసి చూసేసరికి మామూలు పగడాలు ఆకుపచ్చ, నారింజ నిప్పుల్లా వెలిగాయి. అవి వెలుగును పుట్టించవు. నీలాన్ని తాగి వేరే రంగులో తిరిగి పంపుతాయి. దీనికి కారణం కొన్ని ప్రోటీన్లు. జెల్లీచేపలో ఇటువంటిదాన్ని షిమోమురా కనుగొన్నది 1962లో. 1999లో రష్యా శాస్త్రజ్ఞులు పగడాల జాతి జీవుల నుంచి ఎర్రటిదానితో సహా మరికొన్ని బయటపెట్టారు. నేడు కణాలకు గుర్తులు పెట్టి పరిశోధించడానికి ప్రపంచమంతటా ఇవే వాడుతున్నారు. షిమోమురాకు మరి ఇద్దరితో కలిపి 2008లో నోబెల్ వచ్చింది.

ఇందులో మనం గ్రహించవలసింది ఒకటుంది. తొట్టి మెరిసినంత మాత్రాన పగడం బాగుందని కాదు. నీలి దీపం కింద బక్కచిక్కిన పగడం కూడా ధగధగలాడుతుంది. అమ్మే దుకాణాల్లో ఆ నీలం ఎందుకు పెడతారో చెప్పనక్కరలేదు. చీరల దుకాణం దీపాల కింద రంగు చూసి కొని, వీధిలోకి వచ్చాక నాలుక కరుచుకున్న ఇల్లాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. కొనేముందు తెల్లని వెలుగు వేయించి చూడాలి.

నీలి ఎల్.ఇ.డి. 1993లో జపానులో నకమురా చేతుల మీదుగా వెలిగింది. అకసకి, అమనోలతో కలిపి ఆయనకు 2014లో నోబెల్ ఇచ్చారు. అది 2000 దశకం చివరికి పగడాల తొట్ల మీదికి చేరింది. ట్రెజరీలో బిల్లులు చూసిన అలవాటు కొద్దీ లెక్క వేశాను. 250 వాట్ల హాలైడ్లు రెండు, రోజుకు పది గంటలు వెలిగితే నెలకు 150 యూనిట్లు. ఆ వేడికి నీరు చల్లార్చే యంత్రం ఖర్చు వేరే. 150 వాట్ల ఎల్.ఇ.డి. అయితే 45 యూనిట్లు. మన ఎండలకు ఈ తేడా చిన్నది కాదు. పైగా ట్యూబులను ఏడాదికొకసారి మార్చాలి. అంచులు నల్లబడి చచ్చేదాకా వాడే మన ఆఫీసుల పద్ధతి అక్కడ పనికిరాదు, ఎందుకంటే కంటికి తెలియకుండానే వాటి రంగు మారిపోతుంది.

ఎల్.ఇ.డి.తో కొత్త ప్రమాదం వచ్చింది, వెలుగు ఎక్కువ కావడం. కొండాపూర్‌లో మా మనుమడికి మూడడుగుల తొట్టి ఉంది. అందులో పుట్టగొడుగు ఆకారపు మెత్తని పగడం ఒకటి. దుకాణంవాడు వచ్చి దీపాన్ని పూర్తి స్థాయిలో పెట్టి వెళ్లాడు. పది రోజులకు పగడం ముడుచుకుని పాలిపోయింది. “వెలుగు చాలడం లేదు తాతా, ఇంకో లైటు కొనాలి” అన్నాడు. నేను చదివినంతలో పాలిపోవడానికి ఎక్కువ వెలుగు కూడా కారణమే. ముందు కొలిపించరా అన్నాను. స్నేహితుడి దగ్గర పార్ మీటరు తెచ్చాడు. పార్ అంటే నాచుకు పనికొచ్చే వెలుగు లెక్క. లక్స్ మన కంటి లెక్క, నీలాన్ని తక్కువ చేసి చూపుతుంది. మెత్తని పగడాలకు 50 నుంచి 150 దాకా చాలు, కొమ్మలుగా పెరిగే రాతి పగడాలకు 200 నుంచి 400 దాకా కావాలి. ఆ పగడం ఉన్నచోట 320 చూపింది! దీపాన్ని మూడోవంతుకు దించి, ఆరు వారాలలో కొద్దికొద్దిగా పెంచాడు. రెండు నెలలకు పగడం విచ్చుకుంది. ఇంకో లైటు డబ్బు మిగిలింది.

కొమ్మల రాతి పగడాల మాట వచ్చింది గనుక చట్టం కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ చేర్చారు. ఆ షెడ్యూలులో పులి కూడా ఉంది. మన సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం, ఎండు ముక్కయినా సరే. విదేశీ జీవులైతే, అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నవాటికి 2022 సవరణ, 2024 నిబంధనల ప్రకారం నమోదు ఉండాలి. కాగితాలు లేని పగడం ఎంత చవకయినా ఇంటికి తేవద్దని మా వాడికి చెప్పాను. దీపం ఎంపిక కూడా దీనివల్లే తేలికైంది. మెత్తని రకాలే ఉంచుకుంటే బ్రహ్మాండమైన దీపం అక్కరలేదు.

చట్టం ఇంత గట్టిగా ఉండటానికి కారణముంది. సైబర్ టవర్స్ తెరిచిన ఆ 1998లోనే సముద్రాలు వేడెక్కి, లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖలలో పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. 2010లో, 2016లో, 2024లో లక్షద్వీప్‌లో మళ్లీ అదే జరిగింది. నీరు వేడెక్కినప్పుడు రోజూ అన్నం పెట్టే ఎండే నాచుకు భారమవుతుంది, పగడం దాన్ని బయటికి నెట్టేస్తుంది. అందుకే తొట్టిలో వేసవిలో నీటి వేడి పెరిగిన రోజున దీపం తగ్గించాలి. ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు ఇదే పని సముద్రం మీద చేయవచ్చునా అని చూస్తున్నారు. 2020 మార్చిలో గ్రేట్ బారియర్ రీఫ్ మీద, ఓడ నుంచి సముద్రపు నీటినే సన్నని తుంపరగా గాలిలోకి చిమ్మి, మేఘాలను తెల్లబరిచి ఎండ తగ్గించే ప్రయోగం మొదలుపెట్టారు.