మొదటి ఆధార్ ఇచ్చింది ఆదివాసీ ఊర్లోనే

2010 సెప్టెంబర్ 29న దేశంలో మొదటి ఆధార్ నంబర్లు ఇచ్చింది ఢిల్లీలో కాదు, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని టెంభ్లీ అనే ఆదివాసీ ఊర్లో. దానికి చట్టం మాత్రం 2016లో వచ్చింది. అందులో 7వ సెక్షన్ మనం గుర్తుపెట్టుకోవాలి. ప్రభుత్వ నిధితో ఇచ్చే రేషన్, పింఛన్ లాంటివాటికి సర్కారు ఆధార్ అడగొచ్చు. కానీ నంబర్ ఇంకా రానివాళ్లకి వేరే గుర్తింపు చూసి ఇవ్వాలని కూడా అక్కడే ఉంది.

2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నీ, పాన్ లింకునీ ఒప్పుకుంది. సిమ్‌కి, బ్యాంకు ఖాతాకి, స్కూల్ అడ్మిషన్‌కి తప్పనిసరి చెయ్యొద్దంది.

పోడు పనిలో మన అవ్వల వేళ్లు అరిగిపోయాయి. మెషిన్‌లో వేలిముద్ర పడలేదని బియ్యం ఆపొద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకి రాసింది. డీలర్ ముందు అవ్వ తరఫున ఈ మాట అడగాల్సింది చదువుకున్న మనమే.