మేక్‌ఫైలులో సొంత కమాండ్ల చరిత్ర

బిల్డ్ టూల్‌కు తెలియని పనిని ప్రోగ్రామరే కమాండ్‌గా రాసి దానిచేత చేయించే పద్ధతి 1976లో మేక్‌తో స్థిరపడింది. న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని రాశారు. అంతకుముందు ఏ ఫైలు మారిందో, దేన్ని మళ్లీ కంపైల్ చేయాలో మనిషే గుర్తుపెట్టుకునేవాడు. యాక్ అనే టూల్ సృష్టికర్త స్టీవ్ జాన్సన్ ఒకరోజు ఉదయమంతా తప్పు లేని ప్రోగ్రాములో తప్పు వెతికారు. కోడ్‌ను ఆయన అప్పటికే సరిచేశారు, సరిచేసిన ఫైలు మాత్రం మళ్లీ కంపైల్ కాలేదు. మండిపడుతూ ఫెల్డ్‌మన్ గదికి వచ్చారు. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్‌కూ అదే జరిగింది. మేక్ తొలి రూపం ఆ వారాంతంలో పుట్టింది.

మేక్‌ఫైలులోని నియమం మూడు సంగతులు చెబుతుంది: తయారు కావాల్సిన ఫైలు, అది ఆధారపడిన ఫైళ్లు, తయారుచేసే కమాండ్లు. మొదటి రెండింటి తేదీలను మేక్ పోల్చి చూస్తుంది. మూడోదాన్ని అర్థం చేసుకోవాలని ప్రయత్నించదు. తన వేరియబుళ్లకు విలువలు నింపి షెల్ చేతికి ఇచ్చేస్తుంది. ఫెల్డ్‌మన్ నిర్ణయాల్లో అన్నిటికన్నా గొప్పది ఇదే. బెల్ ల్యాబ్స్‌లో సీ కోడంతా మనుషులే రాసేవారు కాదు. వ్యాకరణం ఇస్తే యాక్, పదాల నమూనాలు ఇస్తే లెక్స్ సీ ఫైళ్లను రాసిపెట్టేవి. కంపైలర్‌ను మాత్రమే పిలవగల టూల్ అక్కడ సగం పనికే సరిపోయేది. ఏ కమాండ్‌నైనా నడిపే గుణం వల్లనే తరువాతి కాలంలో పుస్తకాల టైప్‌సెట్టింగుకూ, డేటా విశ్లేషణకూ మేక్ పనికొచ్చింది.

కమాండ్ వరుసకు ముందు ట్యాబ్ తప్పనిసరి. దాని బదులు స్పేసులు పెట్టి గంటలు పోగొట్టుకున్నవారు ప్రతి తరంలోనూ ఉన్నారు. అప్పుడే నేర్చుకుంటున్న లెక్స్‌తో సులువుగా కుదిరిందని ఫెల్డ్‌మన్ ఆ గుర్తును ఎంచుకున్నారు. కొన్ని వారాలకే పన్నెండు మంది దాకా వాడుకరులు చేరారు. వాళ్ల ఫైళ్లు చెడకూడదని ఆయన దాన్ని మార్చలేదు. ఇంకో చిక్కు: ప్రతి వరుసా వేరే షెల్‌లో నడుస్తుంది. ఒక వరుసలో డైరెక్టరీ మారితే, కింది వరుసకు ఆ మార్పు తెలియదు.

ఫైలేదీ తయారుచేయని కమాండ్లూ త్వరలోనే చేరాయి: పాత ఫైళ్లను తుడిచే ‘క్లీన్’, ప్రోగ్రామును దాని చోట పెట్టే ‘ఇన్‌స్టాల్’. ‘క్లీన్’ పేరుతో నిజంగానే ఒక ఫైలుంటే, చేయాల్సిందేమీ లేదని మేక్ ఊరుకుంటుంది. అందుకే ఇది ఫైలు కాదు, పని పేరు అని చెప్పడానికి గ్నూ మేక్‌లో ‘ఫోనీ’ ప్రకటన వచ్చింది.

షెల్‌పై ఆధారపడిన కమాండ్ యూనిక్స్‌లో నడిచినా విండోస్‌లో ఆగిపోయేది. జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ రాసిన యాంట్ అనే బిల్డ్ టూల్ పనులను జావా క్లాసులుగా మార్చింది. అయినా బయటి ప్రోగ్రాములను పిలవడానికి ‘ఎగ్జెక్’ను ఉంచక తప్పలేదు. కిట్‌వేర్ సంస్థ 2000లో, ఇన్‌సైట్ అనే వైద్యచిత్రాల టూల్‌కిట్ కోసం మొదలుపెట్టిన సీమేక్ రెండు దారులు చూపింది: ఫైలును పుట్టించే ‘కస్టమ్ కమాండ్’ ఒకటి, అడిగిన ప్రతిసారీ నడిచే ‘కస్టమ్ టార్గెట్’ మరొకటి. ఫలితంగా వచ్చే ఫైలు పేరును ప్రోగ్రామర్ తప్పుగా చెబితే మాత్రం సీమేక్ కూడా మోసపోతుంది.

కమాండ్‌లో ఆప్షన్ మారినా, ఫైళ్ల తేదీలు మారకపోతే మేక్ కదలదు. గూగుల్‌లో క్రోమ్ కోసం ఇవాన్ మార్టిన్ రాసిన నింజా పోయినసారి నడిపిన కమాండ్‌ను లాగ్‌లో ఉంచుకొని, తేడా కనిపిస్తే మళ్లీ నడుపుతుంది. 2015లో గూగుల్ విడుదల చేసిన బేజెల్ మరింత కఠినం. ‘జెన్‌రూల్’లో రాసిన కమాండ్‌కు, శాండ్‌బాక్స్ పనిచేసే చోట్ల, ముందే ప్రకటించిన ఫైళ్లే కనబడతాయి.

చాలా ప్రాజెక్టుల్లో అలాంటి అడ్డు ఇప్పటికీ లేదు. బిల్డ్ నడిపేవారి అధికారాలన్నీ కమాండ్‌కూ వస్తాయి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌పై జరిగి, 2024 మార్చిలో బయటపడిన కుట్రలో ఆ సందునే వాడుకున్నారు. పరీక్షల కోసమన్నట్టు పెట్టిన ఫైళ్లలో దాచిన కోడ్‌ను బిల్డ్ సమయంలో కమాండ్లే బయటికి తీసి లైబ్రరీలో కలిపాయి. ఆ కమాండ్లను మొదలుపెట్టే స్క్రిప్టు విడుదల ప్యాకేజీలోనే ఉంది, అందరూ చూసే గిట్ కోడ్‌లో లేదు. ఆ లైబ్రరీ ఉన్న కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఆ కుట్రను పట్టుకున్నారు.